ఫలితం చూపిస్తేనే బిల్లు

ప్రభుత్వ నిధులతో శిక్షణ శిబిరాలు నడిపే సంస్థలన్నిటికీ ఏడాది చివర ఒకటే హడావుడి: యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని కుట్టుమిషన్లు కొన్నారు, బిల్లులు సరిపోయాయా, బ్యానరు కనబడేలా ఫొటో తీశారా? ఆ మిషను తొక్కి ఎవరైనా నాలుగు రూపాయలు సంపాదించారా అన్నదానికి మాత్రం ఫారంలో గడి ఉండదు.

ఈ పద్ధతిని తలకిందులు చేసిన ఒప్పందం 2010 సెప్టెంబరులో ఇంగ్లండులోని పీటర్‌బరో జైలులో మొదలైంది. ఏడాదిలోపు శిక్ష పడిన ఖైదీలకు అక్కడి చట్టం ప్రకారం విడుదలయ్యాక ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ ఉండేది కాదు. చేతిలో 46 పౌండ్లు పెట్టి గేటు బయటికి పంపేసేవారు. వాళ్లలో దాదాపు 60 శాతం మంది ఏడాది తిరక్కుండానే మళ్లీ నేరం చేసి పట్టుబడేవారు. కోర్టు ఖర్చు, జైలు ఖర్చు మళ్లీ మొదటికి.

సోషల్ ఫైనాన్స్ అనే సంస్థ 17 మంది పెట్టుబడిదారుల దగ్గర 50 లక్షల పౌండ్లు సేకరించింది. వాళ్లలో ఎక్కువమంది ధార్మిక ట్రస్టులే. ఆ డబ్బుతో సెయింట్ జైల్స్ ట్రస్ట్ లాంటి సంస్థలు ఖైదీని జైల్లో ఉండగానే కలిసేవి. బయటికొచ్చాక ఇల్లు, పని, మత్తు మాన్పించే వైద్యం చూసిపెట్టేవి. ఒప్పందం ప్రకారం ప్రభుత్వం ముందుగా పైసా ఇవ్వదు. మళ్లీ శిక్షలు పడటం మొత్తం మీద 7.5 శాతమైనా తగ్గితే అసలు, లాభం చెల్లిస్తుంది. తగ్గకపోతే నష్టం పెట్టుబడిదారులదే. దీనికే సోషల్ ఇంపాక్ట్ బాండ్ అని పేరు.

వినడానికి తేలికే. తగ్గిందని తేల్చేదెలా అన్న దగ్గరే అసలు పని. పీటర్‌బరో నుంచి విడుదలైన ఒక్కొక్కరికీ, వయసూ నేరచరిత్రా కలిసే ఇతర జైళ్ల ఖైదీలను పది మంది దాకా ఎంచి పోల్చారు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. మళ్లీ ఎంతమంది తప్పు చేశారని కాకుండా, మొత్తం ఎన్నిసార్లు శిక్షలు పడ్డాయని లెక్కించారు. తలలు లెక్కపెడితే, ఒకసారి పట్టుబడినవాణ్ని సంస్థ అక్కడితో వదిలేసే ప్రమాదం ఉంది. వాడివల్ల ఇక రాబడి లేదు కదా! ఎన్నిసార్లన్నది లెక్కయితే వాడి వెంట తిరగడం లాభమే. ఈ ఒప్పందంలో అన్నిటికన్నా తెలివైన మాట ఇదే అనిపిస్తుంది.

ఖైదీలను మూడు జట్లుగా చూడాలనుకున్నారు. మొదటి జట్టులో తగ్గుదల 8.4 శాతం, రెండు జట్లకూ కలిపి 9 శాతం. 2017లో పెట్టుబడిదారులకు అసలుతో పాటు ఏటా 3 శాతం చొప్పున ప్రతిఫలం ముట్టింది. మన బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకంటే నయం. మూడో జట్టు మాత్రం లేకుండా పోయింది. ఫలితాలు రాక కాదు, ఈలోగా ప్రభుత్వమే దేశమంతటా ప్రొబేషన్ వ్యవస్థను మార్చి ఇలాంటి ఖైదీలందరినీ పర్యవేక్షణ కిందికి తెచ్చింది. దాంతో పోల్చి చూసేందుకు ఎవరూ మిగల్లేదు.

న్యూయార్క్ 2012లో ఇదే బాట పట్టింది. రైకర్స్ ఐలాండ్ జైల్లోని 16-18 ఏళ్ల కుర్రాళ్లకు ఆలోచనా తీరు మార్చే తరగతులు పెట్టారు. పెట్టుబడి గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకుది. మూడేళ్ల తర్వాత వేరా ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది: మళ్లీ జైలు పాలవడంలో మార్పు ఏమీ లేదు. నగరం పైసా కట్టలేదు. పన్ను కట్టేవాడి వైపు నుంచి చూస్తే ఒప్పందం చక్కగా పనిచేసినట్టే. అయితే బ్యాంకు కూడా పూర్తిగా మునగలేదు. బ్యాంకు పెట్టిన 72 లక్షల డాలర్లలో 60 లక్షలను అప్పటి మేయర్ బ్లూమ్‌బర్గ్‌కు చెందిన దాతృత్వ సంస్థ హామీగా భరించింది. నష్టభయం మార్కెట్టుది అని చెప్పే ఏర్పాటులో ఆ భయాన్ని చివరికి ఓ దాత మోయడం చిత్రమే.

అమెరికాలోనే యూటా రాష్ట్రంలో గొడవ మరోలా వచ్చింది. ప్రీస్కూల్ చదువు వల్ల పిల్లలకు ప్రత్యేక విద్య అవసరం తప్పితే గోల్డ్‌మన్‌కు డబ్బు. ‘ముప్పు ఉంది’ అని గుర్తించిన 110 మందిలో 109 మందికి ఆ అవసరం రాలేదని 2015లో ప్రకటించారు. అంతటి విజయమా అని నిపుణులు ఆరా తీస్తే, ముప్పును తేల్చింది పదజాలం పరీక్షతోనని, పోల్చి చూసేందుకు ఇతర పిల్లల జట్టే లేదని తెలిసింది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లవాడు ఆ పరీక్షలో వెనకబడితే వింతేముంది? వాళ్లలో చాలామందికి ప్రత్యేక విద్య మొదటినుంచీ అక్కర్లేదేమో. చెల్లింపు మాత్రం జరిగిపోయింది.

మన దేశంలో ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ రాజస్థాన్‌లోని భిల్వాడా జిల్లాది. ఇక్కడ ఫలితానికి డబ్బిచ్చింది ప్రభుత్వం కాదు, సీఐఎఫ్ఎఫ్ అనే పిల్లల సంక్షేమ నిధి. పెట్టుబడి యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్‌ది, పని ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థది. 2015 నుంచి మూడేళ్లు, 166 పాఠశాలలు. చెల్లింపులో 80 శాతం పిల్లల చదువు మీద, 20 శాతం బడిబయటి ఆడపిల్లల్ని బడిలో చేర్చడం మీద ఆధారపడింది. రెండో ఏడాది ముగిసేసరికి చదువు లక్ష్యంలో సగం దగ్గరే ఉన్నారు. మామూలు గ్రాంటయితే నివేదిక రాసి ఊరుకునేవారేమో. ఇక్కడ లెక్క ఎప్పటికప్పుడు కళ్లముందే ఉంది కాబట్టి బోధన మార్చారు. తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి పిల్లల్ని గుంపులు చేశారు, బడికి రానివాళ్ల ఇళ్లకే వెళ్లారు. చివరికి చదువులో లక్ష్యానికి 160 శాతం సాధించారు. గుర్తించిన బాలికల్లో 92 శాతం బడిలో చేరారు. పెట్టుబడిదారుకు ఏటా 15 శాతం ప్రతిఫలం వచ్చింది.

మార్కులకు డబ్బు ముడిపెడితే బట్టీ పట్టిస్తారన్న అనుమానం సహజం. దానికి కొంత జవాబు తెలుగు నేల మీదే ఉంది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఓ ప్రయోగం చేశారు. పిల్లల సగటు మార్కులు పెరిగినకొద్దీ టీచర్లకు బోనస్. ప్రశ్నపత్రంలో అర్థమైతే తప్ప రాయలేని ప్రశ్నలూ కలిపారు. బోనస్ ఉన్న లెక్కలు, భాషతో పాటు బోనస్ లేని సైన్సు, సోషల్‌లోనూ పిల్లలు మెరుగయ్యారు. పరీక్ష ఎలా పెట్టామన్నదాని మీదే అంతా ఉందన్నమాట.

కొలిచి పోల్చడానికి మాత్రం ఖర్చవుతుంది. స్వతంత్ర మదింపుదారు, మధ్యవర్తి, లాయర్లు, అందరి ఫీజులూ కలిస్తే చిన్న కార్యక్రమం మీద మోయలేని బరువు. పంచాయతీ స్థాయి పనికి ఇది పనికిరాదు.

పెద్ద పథకాల సంగతి వేరు. 2021లో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, బ్రిటిష్ ఏషియన్ ట్రస్ట్ తదితరులు కలిసి 50 వేల మంది యువతకు, అందులో 60 శాతం మహిళలకు, స్కిల్ ఇంపాక్ట్ బాండ్ మొదలుపెట్టారు. సర్టిఫికెట్ చేతికివ్వడంతో పని ముగియదు. ఉద్యోగం రావాలి, అందులో మూడు నెలలు నిలవాలి. పెళ్లయి ఊరు మారిన అమ్మాయి, హాస్టల్ దొరక్క ఇంటికి తిరిగొచ్చిన అమ్మాయి ఇలాంటి లెక్కలో నష్టం కిందే పడతారు. అందుకే శిక్షణ సంస్థ కుట్టు, కంప్యూటరు నేర్పి ఊరుకుంటే చాలదు. హాస్టలు వెతకాలి, తల్లిదండ్రుల్ని ఒప్పించాలి, మొదటి జీతం అందేదాకా ఫోను చేస్తూ ఉండాలి.