కాలువ గట్టు మీద సైకిలు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పెద్ద రోడ్డు పోతుంది. అది 40వ నంబరు జాతీయ రహదారి. ఆ రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలు, బస్సులు, కార్లు తిరుగుతూనే ఉంటాయి. కొత్తగా సైకిలు నేర్చుకునే మనిషికి అక్కడ చోటు లేదు.

ఈ ప్రాంతంలో ఇంకో రకం బాటలు కూడా ఉన్నాయి. కుందూ ఒడ్డున పొలాలకు పోయే బాటలు ఉన్నాయి. కె.సి. కాలువ గట్లు ఉన్నాయి. అక్కడ ఎప్పుడో ఒక ట్రాక్టరు వస్తుంది. బర్రెల మంద వస్తుంది. మిగతా వేళల్లో నీళ్ల చప్పుడు, పిట్టల కూత తప్ప ఏమీ ఉండదు. ఆడవాళ్లు సైకిలు తొక్కడానికి ఇటువంటి బాటలే మంచివి. అయితే పక్కనే నీళ్లు ఉంటాయి. అందుకని జాగ్రత్తలు కూడా తెలిసి ఉండాలి.

కుందూ – కె.సి. కాలువ

కుందూ నదిని కుందేరు అని కూడా అంటారు. ఇది ఓర్వకల్లు ప్రాంతంలో పుడుతుంది. నంద్యాల పక్కగా పారుతుంది. కడప జిల్లాలో పెన్నానదిలో కలుస్తుంది.

కె.సి. కాలువ అంటే కర్నూలు–కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఇది మొదలవుతుంది. దీని పొడవు 300 కిలోమీటర్ల పైమాటే. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషువాళ్ల కంపెనీ దీన్ని తవ్వించింది. 1871 నాటికి పని పూర్తయింది. 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది. పొలాలకు నీళ్లు పారించడం ఒక్కటే కాదు, పడవలు నడపడం కూడా ఆనాటి ఆలోచన. ఇప్పుడు పడవలు లేవు. కాలువను చూసుకోవడానికి, పూడిక తీయడానికి గట్టు మీద బాట మాత్రం కావాలి. ఆ బాటే మనుషుల నడకకూ, సైకిలుకూ పనికొస్తోంది.

గంటల లెక్క

ఒక ఊరి నుంచి హైస్కూలుకు 5 కిలోమీటర్లు ఉందనుకోండి. నడిస్తే గంట పడుతుంది. సైకిలు మీద నిదానంగా పోయినా 25 నిమిషాల్లో చేరవచ్చు. అంటే పోయేటప్పుడు 35 నిమిషాలు, వచ్చేటప్పుడు 35 నిమిషాలు మిగులుతాయి. మొత్తం రోజుకు 70 నిమిషాలు. వారంలో 6 రోజులకు 420 నిమిషాలు, అంటే 7 గంటలు. దాదాపు ఒక కూలిదినం అంత కాలం అది!

ఈ లెక్క తల్లికీ వర్తిస్తుంది, బిడ్డకూ వర్తిస్తుంది. తల్లి పొలం నుంచి వేళకు ఇల్లు చేరుతుంది. బిడ్డ పొద్దుగూకకముందే బడి నుంచి వస్తుంది. "బడి దూరం, ఆడపిల్ల ఒక్కతే ఎట్లా పోతుంది?" అని చదువు మాన్పించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బిడ్డకు సైకిలు వస్తే, తోడుకు ఇంకో ఇద్దరు పిల్లలు ఉంటే, ఆ మాట అనవలసిన పని ఉండదు. బీహారులో 2006లో ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. తరువాత హైస్కూలులో చేరే ఆడపిల్లలు పెరిగారు.

పుదుక్కోట్టై ఆడవాళ్లు

"ఆడది సైకిలు తొక్కితే నలుగురూ ఏమంటారు?" ఈ మాట తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో కూడా అన్నారు. అక్కడ 1990 తరువాత పెద్దఎత్తున అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ ఆ ఉద్యమంలో సైకిలు నేర్పడాన్ని కూడా చేర్చారు. అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సైకిలూ నేర్చుకున్నారు. వాళ్లలో కూలి పనివాళ్లు, రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఉన్నారు. మొదట ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు ఆగలేదు. లక్షమందికి పైగా నేర్చుకున్నారని పత్రికా రచయిత పి. సాయినాథ్ రాశారు.

ఆడవాళ్ల సైకిళ్లు చాలకపోతే వాళ్లు మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. మగవాళ్ల సైకిలుకు ముందువైపు అడ్డకమ్మి ఉంటుంది కదా! దాని మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు అదే మేలన్నారు.

నేర్చుకునే తీరు

1817లో జర్మనీ దేశంలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి చేశాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. సైకిలుకు అదే మొదలు. నేర్చుకునేవాళ్లకు ఈనాటికీ అదే సులువైన దారి.

మొదట గట్టు మీదికి పోవద్దు. ఎండిన కళ్లంలోనో, బడి ముందరి బయలులోనో మొదలుపెట్టండి. సీటు కిందికి దించండి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. పాదాలతో నేలను తన్నుకుంటూ ముందుకు పోండి. రెండు మూడు రోజుల్లో పట్టు దొరుకుతుంది. ఆ తరువాత పెడళ్ల మీద కాళ్లు పెట్టండి.

చక్రం వైపు చూడవద్దు. ముందు దూరంగా చూడండి. సైకిలు ఏ పక్కకు ఒరుగుతుందో ఆ పక్కకే హాండిల్ కొంచెం తిప్పండి. అప్పుడు అది మళ్లీ నిలుచుకుంటుంది. ఒక్కసారిగా ముందు బ్రేకు మాత్రమే పట్టవద్దు. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టండి.

చీర కుచ్చిళ్లు పైకి దోపుకోండి. కొంగు నడుముకు బిగించండి. ఆడపిల్లలు ఓణీ, చున్నీ వేలాడనీయకూడదు. చైనుకు కవరు ఉండాలి. వెనక చక్రానికి జాలీ ఉంటే బట్ట చిక్కుకోదు.

నీళ్ల పక్కన జాగ్రత్త

సైకిలు బాగా వచ్చిన తరువాతే గట్టు మీదికి పోవాలి. అప్పుడు కూడా ముందు ఒకసారి నడిచి బాట చూసుకోండి. అన్ని గట్లూ ఒకటిగా ఉండవు.

నీళ్ల అంచుకు దూరంగా, పొలం వైపున తొక్కండి. తూముల దగ్గర, పిట్టగోడ లేని వంతెనల దగ్గర దిగి, సైకిలును నడిపించుకుంటూ పోండి. ఎదురుగా ట్రాక్టరు వస్తే, బర్రెలు వస్తే దిగి పక్కకు నిలబడండి. నడపగలనని పంతం వద్దు.

నంద్యాల ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. వాన పడితే బంక మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుంటుంది. చక్రం తిరగదు, జారుతుంది. వాన వెలిసి నేల ఆరేదాకా గట్టు మీద తొక్కకూడదు. కుందూకు వరద వచ్చినప్పుడు నీళ్లు పారే వంతెన దాటకూడదు. మోకాలి లోతే అనిపించినా పారే నీళ్లు మనిషిని పడదోస్తాయి.

సిమెంటు వేసిన కాలువలోకి కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగవద్దు. పాచి పట్టిన వాలు మీద కాలు నిలవదు, పైకి ఎక్కనీయదు. ఎవరైనా పడితే వెంట దూకవద్దు. గట్టిగా కేకలు వేయండి. గట్టు మీదే పడుకుని చీరనో, తాడునో, పొడవాటి కట్టెనో అందించండి.

చీకటి పడకముందే ఇల్లు చేరండి. ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. పెద్ద రోడ్డు దాటవలసి వస్తే సైకిలు దిగండి. రెండు వైపులా చూసి నడిచి దాటండి.

చదువు వచ్చిన మనిషి బస్సు మీది ఊరి పేరు తానే చదువుకుంటుంది. సైకిలు వచ్చిన మనిషి బస్సు రాని ఊరికి కూడా తానే పోగలుగుతుంది. రెండింటికీ కావలసింది కొద్దిరోజుల ఓపిక, పక్కన ఒక తోడు.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఊరి దగ్గర బండ్లు తక్కువగా తిరిగే బాట ఏది? అక్కడ నీళ్ల భయం ఎక్కడ ఉంది?
2. మీ ఊళ్లో బడి దూరమని చదువు మానిన ఆడపిల్లలు ఎందరు?
3. రోజూ మీరు నడిచే దూరం ఎంత? సైకిలు ఉంటే వారానికి ఎన్ని గంటలు మిగులుతాయి? లెక్క వేసి పలక మీద రాయండి.
4. మీ కేంద్రంలో ఎవరికైనా సైకిలు వచ్చా? ఆమె మిగతావాళ్లకు ఏ రోజు నుంచి నేర్పగలదు?