ఎర్రగుడిపాడు శాసనం: మూలంలో ఒక పాఠం, తెర మీద ఇంకొకటి

కడప జిల్లా కమలాపురం మండలంలోని ఎర్రగుడిపాడు శాసనం క్రీ.శ. ఆరో శతాబ్దం నాటిదని చరిత్రకారుల అంచనా. రేనాటి చోళుల కాలానికి చెందిన ఈ శాసనం పూర్తిగా తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. ఇలాంటి పాఠాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అక్షరాలు టైపు చేస్తే చాలదు. ఏ అక్షరం స్పష్టంగా ఉంది, ఏది అరిగిపోయింది, ఏది పండితులు ఊహించి పూరించారు, పంక్తి ఎక్కడ తెగింది అన్నవన్నీ నమోదు కావాలి.

ఇందుకు చాలా దేశాల శాసన పరిశోధకులు ఎక్స్‌ఎమ్‌ఎల్ (పాఠంలోని భాగాలకు ట్యాగులనే గుర్తులు తగిలించే భాష) మీద ఆధారపడిన ఎపిడాక్ పద్ధతిని వాడుతున్నారు. ‘ఇది పూరించిన అక్షరం’ అని చెప్పడం వరకే ట్యాగు పని. దాన్ని చదరపు బ్రాకెట్లలో చూపాలో, రంగు మార్చి చూపాలో స్టైల్‌షీట్ చెబుతుంది. అలాంటి స్టైల్‌షీట్లు రాయడానికి 1999లో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రమాణం వచ్చింది. ఒకే ఫైలు నుంచి పరిశోధకులకు బ్రాకెట్లు, పంక్తి సంఖ్యలతో ఒక పాఠాన్నీ, బడిపిల్లలకు ఆ గుర్తులేవీ లేని ఇంకో పాఠాన్నీ తయారు చేయవచ్చు.

చిక్కంతా దిద్దుబాటు దగ్గరే. తెర మీది బ్రాకెట్లు మూల ఫైలులో లేవు, స్టైల్‌షీట్ పుట్టించినవి. ఎవరైనా వాటిని తెర మీద చెరిపేశారనుకోండి. ఆ అక్షరం రాతి మీద నిజంగానే ఉందని వారి ఉద్దేశమా, లేక గుర్తు చూడ్డానికి అడ్డుగా ఉందనా? కంప్యూటర్ తేల్చుకోలేదు. మూలం నుంచి తెరకు నియమాలున్నాయి గానీ, తెర నుంచి మూలానికి చాలాసార్లు ఉండవు.

తెలుగు లిపితో మరో ఇబ్బంది ఉంది. ‘ముత్తురాజు’ అన్న మాటలో మొదటి అక్షరానికి ఉన్న కొమ్ము మాత్రమే అరిగిందనుకుందాం. ట్యాగు కొమ్ముకే పడుతుంది. స్టైల్‌షీట్ మకారానికీ కొమ్ముకూ నడుమ బ్రాకెట్టు పెడితే, కొమ్ము విడిపోయి చుక్కల సున్నాకు తగులుకుని కనిపిస్తుంది. కాబట్టి గుణింతాన్ని విడదీయకుండా, గుర్తును అక్షరం మొత్తానికి వర్తింపజేసేలా నియమం రాసుకోవాలి. అరిగింది కొమ్మేనన్న వివరం మాత్రం మూలంలో చెక్కుచెదరకూడదు.

మూలాన్ని తెర మీది పాఠంగా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ పనిని బ్రౌజర్ చేత కూడా చేయించవచ్చు. అయితే క్రోమ్ బ్రౌజర్ నుంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తొలగిస్తామని గూగుల్ 2025లో ప్రకటించింది. ట్యాగులతో మూలాన్ని దాచుకున్నవారికి దీనివల్ల ముప్పు లేదు. మార్పిడిని సర్వర్‌లోనే ముగించి, తయారైన పేజీని పంపితే సరిపోతుంది.

కడప, కర్నూలు శాసనాలను డిజిటల్ రూపంలోకి తెచ్చేవారికి ఒక మనవి. పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి. ముందు ట్యాగులతో మూలాన్ని సిద్ధం చేయండి, ప్రతి దిద్దుబాటూ అందులోనే చేయండి. స్టైల్‌షీట్‌ను ఎప్పుడైనా తిరగరాసుకోవచ్చు. మూలంలో నమోదు చేయని వివరాన్ని ఏ స్టైల్‌షీటూ తెచ్చివ్వలేదు.