మధ్యాహ్నం ఎండ, తెల్లారగట్ల స్నానం

ఏప్రిల్ వచ్చిందంటే పేపర్లో, టీవీలో రెంటచింతల పేరు మోగిపోతుంది. ఎండ ఎంత మండిందో చెప్పడానికి పల్నాడు వాళ్ళు ముందుగా చూసుకునే అంకె అదే. అక్కడికి తూర్పున, సత్తెనపల్లికీ నరసరావుపేటకీ మధ్య ఉన్న ముప్పాళ్ళలోనూ మే నెల మధ్యాహ్నం కుళాయి కింద చెయ్యి పెట్టలేం. డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్ళు అంతగా కాగిపోయి ఉంటాయి. పొద్దున్నే పట్టి నీడన దాచుకున్న బకెట్ ఉంటేనే స్నానం. అదే ఇంట్లో డిసెంబరు రాగానే దొడ్లో నీళ్ళ పొయ్యి రాజుకుంటుంది. లేదంటే మేకుకు తగిలించిన హీటర్ రాడ్డు కిందికి దిగుతుంది. కాస్త ఉన్నవాళ్ళింట్లో గీజరు ఎర్రలైటు వెలుగుతుంది.

డిసెంబరులో ఎండ లేకనా అంటే, అదీ కాదు. మధ్యాహ్నం మిరప తోటలో వంగి కాయ కోసేవాళ్ళని అడిగితే తెలుస్తుంది ఎండ ఉందో లేదో. ఎండ వచ్చేది మధ్యాహ్నం, మనం నీళ్ళు పోసుకునేది తెల్లారగట్ల ఐదింటికి. ఆ మధ్యనున్న పదిహేను గంటలకే మనం కట్టెలో, కరెంటో, గ్యాసో తగలేస్తున్నాం. వేడినీళ్ళ ఖర్చు తగ్గించుకునే ఏ మార్గం చూసినా చివరికి ఈ వేళ తేడాను ఎలా దాటాలన్నదే లెక్క.

కట్టె, బాయిలరు

పాత ఇళ్ళలో రాగి బాయిలరు ఇంకా కనిపిస్తుంది. పొట్ట లావుగా ఉన్న డ్రమ్ము, మధ్యలో నిలువునా పొగగొట్టం, అడుగున నిప్పు. ఒక పక్క గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే రెండో పక్క మూతి నుంచి చెంబెడు వేన్నీళ్ళు దూకుతాయి. మంట గొట్టం గుండా నీళ్ళ నడుమ నుంచే పైకి పోతుంది కాబట్టి మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి కాచినదానికన్నా సగం పుల్లలతో పని అయిపోతుందని పాతవాళ్ళ అనుభవం. ఇంధనం పొదుపు అనే మాట పుట్టకముందే ఆ పని చేసిన సామాను అది. ఇప్పుడు చాలా ఇళ్ళలో అటక మీద ఉంది, లేదా పాత సామాన్లవాడి తక్కెట్లోకి వెళ్ళిపోయింది.

కట్టెకు ఇక్కడ కొరత లేదు. పత్తి కట్టె, మిరప కట్టె, కంది కట్టె అన్నీ పొలం నుంచే వస్తాయి. కానీ పత్తి కట్టెతో ఒక చిక్కుంది. ఏరకుండా మిగిలిపోయిన గుడ్డికాయల్లో గులాబీ రంగు పురుగు నిద్రావస్థలో దాక్కుంటుంది. ఆ మోపులు ఇంటి వెనక వామి వేసి వచ్చే చలికాలం దాకా వాడుకుంటూ పోతే, తొలకరికి పురుగు లేచి కొత్త పైరు మీద పడుతుంది. పంట అవగానే మోళ్ళు పీకి నలగ్గొట్టి భూమిలో కలిపేయమని వ్యవసాయాధికారులు మొత్తుకునేది అందుకే. ఉచితంగా దొరికే నీళ్ళకట్టెకు మందుల కొట్లో బాకీ కట్టాల్సి వస్తుందన్నమాట. పొగ సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఆ పొయ్యి ముందు గొట్టం ఊదిన ఆడవాళ్ళ కళ్ళే చెబుతాయి.

బకెట్ లెక్క

ఇరవై లీటర్ల బకెట్. ట్యాంకు నీళ్ళు తెల్లారగట్ల 22 డిగ్రీలుంటే, స్నానానికి 42 చాలనుకుందాం. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలో క్యాలరీ కావాలి. అంటే బకెట్‌కు 400. ఒక యూనిట్ కరెంటులో ఉండేది 860. కాబట్టి బకెట్‌కు అర యూనిట్ కన్నా కాస్త తక్కువ. నలుగురున్న ఇంటికి రోజుకు దాదాపు రెండు యూనిట్లు, నెలకు 60.

ఈ అరవై మీటరులో ఎక్కడ పడతాయన్నది ముఖ్యం. మన రాష్ట్రంలో గృహ టారిఫ్ మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. మామూలుగా 120 యూనిట్లు కాలే ఇల్లు చలికాలంలో 180కి చేరితే, పెరిగిన అరవైలో యాభై అయిదు 6 రూపాయల మెట్టు మీదే పడతాయి. సర్‌ఛార్జీలు కాక నెలకు 350 రూపాయల పైమాట. అయితే చలికాలపు నాలుగు నెలలూ కలిపినా 1,400 చిల్లర. ఈ అంకెను గుర్తుంచుకోండి, సోలార్ కంపెనీ ఏజెంటు మీ అరుగు మీద కూర్చున్నప్పుడు పనికొస్తుంది.

గ్యాస్ మీద కాచుకుంటే? పొయ్యి మీద పోయే వేడి పోగా బకెట్‌కు అరవై గ్రాముల గ్యాస్. 14.2 కిలోల సిలిండరు నిండా నీళ్ళకే వాడినా రెండు నెలలు తిరక్కుండానే ఖాళీ. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి వచ్చే మూడు ఉచిత సిలిండర్లను నమ్ముకుని గిన్నెలు ఎక్కిస్తే సంక్రాంతి అరిసెలకు సొంత డబ్బుతో బుక్ చేసుకోవాలి. గ్యాస్ గీజరు పెట్టించుకునేవాళ్ళు మాత్రం దాన్ని బాత్రూం లోపల బిగించొద్దు. తలుపు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా, చప్పుడు లేకుండా ప్రాణం తీస్తుంది.

హీటర్ రాడ్డును అందరూ చిన్నచూపు చూస్తారు గానీ, లెక్క ప్రకారం వృథా అతి తక్కువ ఉన్నది దానికే. కావలసిన బకెట్టే కాగుతుంది, తీగలో పుట్టిన వేడి నేరుగా నీళ్ళలోకే పోతుంది. 1,500 వాట్ల రాడ్డుకు బకెట్ కాగడానికి ఇరవై నిమిషాల లోపే. మనుషుల్ని పొట్టన పెట్టుకునేదీ అదే. ప్రతి చలికాలం జిల్లా పేజీలో అలాంటి వార్త ఉంటుంది. నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూడటం, స్విచ్ ఆపకుండా రాడ్డు తీయడం, ఇనప బకెట్, ఎర్తింగ్ లేని ప్లగ్గు. లీకేజీ కరెంటు 30 మిల్లీ ఆంప్‌లు దాటేలోపే లైను కొట్టేసే ఆర్‌సీసీబీ అనే చిన్న పెట్టె మీటరు పక్కన పెట్టించుకోవడం గీజరు కొనడం కన్నా ముందు చెయ్యాల్సిన పని.

గీజరు మీద నక్షత్రాలు చూసి కొంటాం. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఇచ్చే ఆ నక్షత్రాలు నీళ్ళు ఎంత త్వరగా కాగుతాయో చెప్పవు. కాగిన నీళ్ళు వాడకుండా వదిలేస్తే ఇరవై నాలుగు గంటల్లో ఎంత వేడి గోడల గుండా కారిపోతుందో చెబుతాయి. అయిదు నక్షత్రాలంటే మందంగా దుప్పటి కప్పుకున్న ట్యాంకు. ఇరవై నిమిషాలు వేసి ఆపేసే అలవాటున్న ఇంట్లో నక్షత్రాల తేడా పెద్దగా బిల్లులో కనిపించదు. నాలుగింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆన్‌లోనే ఉంచే ఇంట్లో కనిపిస్తుంది. ఇక 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు కొన్నవాళ్ళు చల్లగా వస్తున్నాయని కంపెనీని తిడుతుంటారు. ఊరి చివర ఇంటికి వోల్టేజీ 230 బదులు 180 వస్తే దాని బలం అరవై శాతానికి పడిపోతుంది. తప్పు గీజరుది కాదు, తీగది.

పల్నాడులో గీజరుకు ఇంకో శత్రువు ఉంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు రాయినిచ్చిన నేలే మన బోర్లకు నీళ్ళనిస్తోంది. ఆ నీళ్ళు కాగినప్పుడల్లా సున్నం కాయిల్ మీద తెల్లగా పేరుకుంటుంది. రెండు మూడేళ్ళ తరవాత మెకానిక్ విప్పి చూపిస్తే కాయిల్ కనపడదు, పెచ్చులే కనపడతాయి. పెచ్చు మందమైన కొద్దీ కాయిల్ మాడుతుంది, నీళ్ళు ఆలస్యమవుతాయి. థర్మోస్టాట్‌ను 60 దాటనివ్వకపోతే ఇది కొంత నెమ్మదిస్తుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ లోపల ఒకటుంటుంది, అది అయిపోయిందేమో సర్వీసుకు వచ్చినవాణ్ణి అడిగి చూపించుకోవాలి. అడక్కపోతే చూడరు.

డాబా మీద సూర్యుడు

డాబా మీది నల్ల ట్యాంకు ఆలోచన కొత్తదేం కాదు. 1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే ఆయన నల్లరంగు పూసిన ట్యాంకుల్ని అద్దం మూత ఉన్న పెట్టెలో పెట్టి, క్లైమాక్స్ అనే పేరుతో పేటెంటు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి నీళ్ళు బాగానే కాగేవి. తెల్లారేసరికి చల్లారిపోయేవి. మన ముప్పాళ్ళ కష్టమే! 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ కాచే పలకను, దాచే ట్యాంకును విడగొట్టాడు. ట్యాంకుకు వేడి పోకుండా కవచం తొడిగాడు. దానికి డే అండ్ నైట్ అని పేరు పెట్టి అమ్మాడు, కెంప్ సరుకు మూలపడింది. ఇప్పుడు మన డాబాల మీద కనిపించే సోలార్ హీటర్లన్నీ బెయిలీ దారిలోవే. ఇజ్రాయెల్‌లో 1980 నుంచి కొత్త ఇళ్ళకు ఇది చట్టప్రకారం తప్పనిసరి.

రోజుకు వంద లీటర్ల సోలార్ హీటరు నలుగురున్న ఇంటికి సరిపోతుంది. రెండు రకాలు. రాగి గొట్టాల పలకది ఒకటి, గాజు గొట్టాలది ఒకటి. ఉప్పు నీళ్ళ ఊళ్ళో సన్నటి రాగి గొట్టాలు సున్నంతో పూడిపోతాయి. గాజు గొట్టాలు లావు, ఊడదీసి కడుక్కోవచ్చు, ధర కూడా తక్కువ. కాకపోతే కోతులు. అదును చూసుకుని గంతేశాయంటే గొట్టం పగిలి ట్యాంకు మొత్తం ఖాళీ. హీటరును దక్షిణానికి తిప్పి, చలికాలపు సూర్యుడి కోసం ముప్పై డిగ్రీల దాకా ఏటవాలుగా నిలబెట్టాలి. ట్యాంకు నుంచి బాత్రూం దాకా గొట్టానికి తొడుగు వేయకపోతే రాత్రంతా అందులో నిలిచి చల్లారిన నీళ్ళే ముందు వస్తాయి, పావు బకెట్ కాలువపాలు.

ఇంతా చేసి, పాతిక వేలకు అటూ ఇటూ పెట్టి ఇది కొనాలా? బెంగళూరులో అయితే కొనాలి. అక్కడ ఏడాది పొడుగునా వేన్నీళ్ళు కావాలి, బిల్లులో రాయితీ కూడా ఇస్తారు. ముప్పాళ్ళలో ఏడాదికి మిగిలేది ఇందాకటి 1,400. పాతిక వేలు తిరిగి రావడానికి దాదాపు పద్దెనిమిదేళ్ళు పడుతుంది. పైగా మే నెలలో అది అక్కరలేని నీళ్ళు సలసలా కాచి కూర్చుంటుంది, మీద గోనెపట్టా కప్పాల్సి వస్తుంది. జాతీయ సోలార్ మిషన్ కింద దీనికి ఇచ్చిన కేంద్ర సబ్సిడీ కూడా 2014లోనే ఆగిపోయింది. ఇంట్లో బాలింత, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు ఉండి, ఎనిమిది మంది ఏడాదంతా వేడినీళ్ళే పోసుకునే ఉమ్మడి కుటుంబానికి లెక్క మారుతుంది. హాస్టళ్ళకు, ఆస్పత్రులకు ఇంకా మారుతుంది. ఫ్రిజ్‌ను తిరగేసినట్టుండే హీట్ పంప్ కూడా అలాంటి చోట్లకే. గాలిలోని వేడిని లాగి నీళ్ళలోకి తోసి, ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇస్తుంది.

మామూలు ఇంటికి నా ఓటు కరెంటు తీసే సోలార్ పలకలకే. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ. 2 కిలోవాట్ల పలకలు రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా తీస్తాయి. అందులో పావు వంతు వేన్నీళ్ళకు చాలు. మధ్యాహ్నం తీసిన యూనిట్ నెట్ మీటరులో జమ పడి తెల్లారగట్ల గీజరుకు అక్కరకొస్తుంది, కాబట్టి వేళ తేడా గొడవే ఉండదు. మే వచ్చాక నీళ్ళ హీటరు పనిలేక పడి ఉంటుంది గానీ ఈ పలకలకు అప్పుడే చేతినిండా పని, ఇంట్లో కూలరు తిరగాలి కదా.

పెట్టుబడి పెట్టలేనివాళ్ళు స్నానం వేళనే ఎండ దగ్గరికి జరుపుకోవచ్చు. పసిపిల్లలకు ఇత్తడి గంగాళంలో ఎండలో పెట్టిన నీళ్ళు పోయడం మన అమ్మమ్మలు చేసిందే. పొలం నుంచి వచ్చేవాళ్ళు ఎలాగూ సాయంత్రమే పోసుకుంటారు, నాలుగింటికి డాబా ట్యాంకు నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి. మిరప కోసి వచ్చిన చేతులకైతే వేన్నీళ్ళు అసలు పనికిరావు. మిరపలోని క్యాప్సైసిన్ చర్మంలో తట్టి లేపే గ్రాహకమూ, 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకమూ ఒకటే. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్య నోబెల్‌లో వాటా దక్కింది. ముందు నూనె రాసుకుని, తరవాత సబ్బు, చన్నీళ్ళు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు సరిగ్గా చలి ముదిరే మండలం రోజులూ రెండు పూటలా చన్నీళ్ళే పోసుకుంటారు, ఆ నెల వాళ్ళ బిల్లు చూడాలి!

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఇప్పుడు ఏదీ కొనకపోయినా పర్లేదు. గోడలకు పూత పడకముందే డాబా నుంచి బాత్రూం దాకా వేడిని తట్టుకునే సీపీవీసీ గొట్టం ఒక వరస, గీజరుకు వేరే మందపాటి వైరు, గట్టి ఎర్తింగ్ వేయించి మూత బిగించి వదిలేయండి. తరవాత గోడ కొట్టించి టైల్స్ పగలగొడితే, అచ్చం ఆ టైల్స్ సత్తెనపల్లిలోనూ దొరకవు, నరసరావుపేటలోనూ దొరకవు.