నిమిషానికి 18,000 చుట్లు

ఇంగ్లండు ఈశాన్య మూలన టైన్ నది ఒడ్డున బొగ్గుకు ఎన్నడూ కొదవ లేదు. గనులు, ఓడల యార్డులు, ఫిరంగుల కార్ఖానా అన్నీ ఆ బొగ్గు మీదే బతికేవి. అయితే 1880లలో కరెంటు పుట్టించడానికి ఒక చిక్కుండేది. డైనమోకు వేగం కావాలి. దాన్ని తిప్పే ఆవిరి యంత్రానికేమో పిస్టనుంది. అది సిలిండర్ కొసదాకా పోవాలి, ఆగాలి, వెనక్కి మళ్లాలి. అంత బరువైన ఇనుము నిమిషానికి వందలసార్లు ఆగి మళ్లుతుంటే నేల అదరక మానుతుందా?

పిస్టన్ మానేసి ఆవిరితో నేరుగా చక్రం తిప్పాలన్న ఆలోచన పాతదే. అడ్డం వచ్చింది ఆవిరి వేగమే. బాయిలర్ పీడనాన్ని ఒక్కసారిగా వదిలితే ఆవిరి ధ్వనిని మించి దూసుకొస్తుంది. దాని శక్తి దక్కాలంటే చక్రం అంచు అందులో దాదాపు సగం వేగంతో తిరగాలి. అప్పటి ఉక్కు అంతటి వేగాన్ని ఓర్చుకోలేదు.

1884లో గేట్స్‌హెడ్‌లోని క్లార్క్ చాప్‌మన్ కంపెనీలో చేరిన చార్లెస్ పార్సన్స్, ఆవిరిని మెట్లమీదుగా దించాడు. ఒకే షాఫ్టు మీద వరసగా రెక్కల చక్రాలు బిగించి, వాటి మధ్య కదలని రెక్కలు పెట్టాడు. కదలనివి ఆవిరిని మళ్లిస్తాయి, తిరిగేవి తోపు అందుకుంటాయి. ఒక్కో జత దగ్గర పీడనం కొంచెమే పడుతుంది. ఆవిరిని నడిమధ్య వదిలి రెండు వైపులకూ పంపడంతో షాఫ్టును దాని పొడవు వెంబడి నెట్టే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. ఇంత చేసినా ఆ యంత్రం, అంటే ఆవిరి టర్బైన్, నిమిషానికి 18,000 చుట్లు తిరిగింది. అంత వేగానికి తాళే డైనమో దొరక్క దాన్నీ తనే తయారు చేసుకున్నాడు. టర్బైన్ పేరు చెప్పుకునేవాళ్లు ఈ డైనమోను మరిచిపోవడం అన్యాయం. రెండూ కలిసి ఇచ్చింది ఏడున్నర కిలోవాట్లు.

1889లో కంపెనీ నుంచి విడిపోయాడు. పేటెంట్లు అక్కడే ఉండిపోయాయి, 1894 దాకా చేతికి రాలేదు. ఈలోగా 1890లో న్యూకాసిల్‌లోని ఫోర్త్ బ్యాంక్స్ కేంద్రంలో 75 కిలోవాట్ల టర్బైన్ సెట్లు తిరిగాయి. జనానికి కరెంటు అమ్మే కేంద్రంలో టర్బైన్ అడుగుపెట్టడం అదే మొదలు. లండన్ మాంచెస్టర్ స్క్వేర్‌లో దాన్ని గెలిపించింది సామర్థ్యం కాదు, ఇరుగుపొరుగు ఫిర్యాదులు. పిస్టన్ యంత్రాల అదురు భరించలేక వాళ్లు కోర్టుకెక్కడంతో అక్కడికి టర్బైన్లు వచ్చాయి.

1901లో వాల్‌సెండ్‌లో నెప్ట్యూన్ బ్యాంక్ కేంద్రం మొదలై టైన్ ఒడ్డు కార్ఖానాలకు త్రీఫేజ్ కరెంటు పంపింది. మొదట పెట్టినవి పిస్టన్ యంత్రాలే. మరుసటి ఏడాదే వాటి పక్కన 1,500 కిలోవాట్ల టర్బైన్ చేరింది. 1912 నాటికి పార్సన్స్ కార్ఖానా షికాగోకు ఒకే సెట్టుగా 25,000 కిలోవాట్ల యంత్రం పంపింది.

సింగరేణి బొగ్గుతో నడిచే రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్లున్నాయి. వాటి షాఫ్టు తిరిగేది మాత్రం నిమిషానికి 3,000 చుట్లే. మన 50 హెర్ట్జ్ కరెంటుకు రెండు ధ్రువాల జనరేటర్ అలాగే తిరగాలి. పైగా చివరి వరస రెక్కలు ఎంత పొడవంటే, ఆ వేగానికే వాటి కొసలు గాలిలో ధ్వని వేగాన్ని దాటతాయి. యూనిట్ ఆపాక కూడా షాఫ్టును నిలవనివ్వరు. వేడి మీద కదలకుండా ఉంటే అది వంగుతుంది కనక, చల్లబడేదాకా బ్యారింగ్ గేర్‌తో మెల్లగా తిప్పుతూనే ఉంటారు. వంగిన షాఫ్టుతో మళ్లీ వేగం పెంచితే ఆ అదురుకే యూనిట్ ట్రిప్పవుతుంది.