నీరు వదలని బట్టల యంత్రము

బట్టలుతుకు యంత్రము సక్రమముగ పనిచేయుచున్నంత కాలము దాని లోపల ఏ భాగము ఎచ్చట నున్నదో మనకు పట్టదు. ఒకనాడు అది మురికినీటిని కడుపునిండ ఉంచుకొని, తలుపు బిగించుకొని, ముందరి పలక మీద ఏవో రెండక్షరములు చూపి ఊరకుండును. నీటిని లోనికి తెచ్చుకొనుట యంత్రమునకు సులభము. మేడమీది ట్యాంకులోని నీరు తన బరువుతో తానే దిగివచ్చును. వాల్వు తెరచిన చాలును. ఆ నీటిని వెలుపలికి పంపుట అట్లు కాదు. అడుగున నున్న నీటిని గొట్టము గుండ పైకెత్తి పారబోయవలెను. ఈ చాకిరి అంతయు చేయునది పిడికిలి కంటె కొంచెము పెద్దదైన డ్రెయిన్ పంపు.

సత్యవేడులో మా అక్కగారి యింట జరిగిన సంగతి చెప్పెదను. 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో నుండి, పిదప తిరుపతి జిల్లాలో చేరిన ఈ ఊరి జీవనము శ్రీసిటీ వచ్చిన తరువాత చాల మారినది. 2008లో ప్రారంభమైన ఆ పారిశ్రామికవాడలో పనిచేయువారు అనేక గృహములలో ఉన్నారు. మా మేనల్లుడును వారిలో నొకడు. కర్మాగారమున కేగుటకు రెండు జతల యూనిఫారములు. ఒకటి ఒంటిమీద, రెండవది యంత్రములో. ఒక సాయంకాలము అక్క ఫోను చేసినది. “తమ్ముడా, మిషను నిండా నీళ్లు నిలిచిపోయినాయి, తలుపు రావడం లేదు. పిల్లోడికి రాత్రి డ్యూటీ. మెకానిక్ ఫోనులోనే పంపు పోయిందమ్మా అంటున్నాడు. పాత మిషను, కొత్తది కొనుక్కోండి అని కూడా అంటున్నాడు.”

చూడకయే చెప్పిన ఆ మాట నాకు నచ్చలేదు. నీరు పోకుండుటకు పంపు చెడుట ఒక కారణము మాత్రమే. పలక మీది అక్షరములు కూడ అంతకంటె ఎక్కువ చెప్పవు. యల్.జి. యంత్రములలో ‘ఓ.ఇ.’ అనియు, శాంసంగు వానిలో ‘5సి’ లేక ‘5ఇ’ అనియు, బాష్ వానిలో ‘ఇ18’ అనియు కనబడినప్పుడు వాని అర్థము ‘నీరు పోవుట లేదు’ అని మాత్రమే. ఎందువలన పోవుట లేదో మనమే చూచుకొనవలెను.

అసలు మీ యంత్రములో పంపు ఉన్నదా అనునది మొదట తేల్చుకొనుడు. రెండు తొట్లు గల సెమీ ఆటోమాటిక్ యంత్రములలో సాధారణముగ పంపు ఉండదు. మీట త్రిప్పగనే అడుగున నున్న రబ్బరు బిరడా పైకి లేచి, నీరు పల్లమునకు తానే పోవును. పైన మూత తెరచు పూర్తి ఆటోమాటిక్ యంత్రములు మన దేశములో అనేకము ఇదే పద్ధతిలో నున్నవి. అచ్చట బిరడాను చేతికి బదులు ఒక చిన్న మోటారు లాగును. ఇట్టి యంత్రముల గొట్టమును నేలమీదనే పరచవలెను గాని గోడమీదికి ఎక్కించిన నీరు పోదు. ముందు తలుపు గల యంత్రములలో మాత్రము పంపు తప్పక ఉండును. అక్కగారిది అట్టిదే.

ఈ పంపు నిర్మాణము ముచ్చటైనది. రాగితీగ చుట్టిన స్థిరమైన భాగమొకటి. దాని నడుమ తిరుగు అయస్కాంతపు కడ్డీ. కడ్డీ చివర రెక్కల చక్రము. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు క్షణమునకు 50 ఆవృత్తులది గనుక రెండు ధ్రువములు గల ఆ అయస్కాంతము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగును. అది ఏ దిక్కున తిరుగ నారంభించునో దానికే తెలియదు! ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. ఎటు తిరిగినను నీటిని నెట్టుటకై రెక్కలను వంపు లేకుండ నిటారుగ చేసినారు. అయస్కాంతము నీటిలో నున్నను, తీగచుట్ట ప్లాస్టిక్ గోడకు ఆవల నుండును. కావున నీటికి విద్యుత్తునకు పొత్తు లేదు. బ్రష్షులు లేవు, బెల్టు లేదు. ఇంత సరళమైన వస్తువు ఊరక చెడదు. దానికి శత్రువులు మన జేబులలో నున్నవి.

నేను వెళ్లునప్పటికి మేనల్లుడు స్విచ్ ఆపి, అడుగున ఫిల్టరు మూత త్రిప్పుటకు సిద్ధముగ నున్నాడు. “మామా, స్విచ్ ఆపినాను కదా” అన్నాడు. ప్లగ్గు మాత్రము సాకెట్టులోనే ఉన్నది. పాత వైరింగులో కొన్నిచోట్ల పొరపాటున స్విచ్చు ఫేజు తీగకు గాక న్యూట్రల్ తీగకు ఉండును. అట్టిచోట స్విచ్చు ఆపినను యంత్రము లోపలి తీగలలో 230 వోల్టులు నిలిచియే యుండును. తడి నేల, చెప్పులు లేని కాళ్లు, నీటిలో చేయి. ప్రాణము పోవుటకు ఇంతకంటె ఏమి కావలెను? ప్లగ్గు ఊడబెరికి, కంటికి కనబడునట్లు పైన పెట్టి, ఆపైననే తక్కిన పని. ఇంటి మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., సాకెట్టునకు సరియైన ఎర్తు ఉండుట మరియు మేలు. వేడినీటి ఉతుకు మధ్యలో ఆగియున్నచో నీరు చల్లారు వరకు వేచియుండవలెను.

తరువాత కొళాయి కట్టి, యంత్రము అడుగున ముందువైపు చిన్న తలుపు తీసితిమి. కొన్నిటిలో ఫిల్టరు ప్రక్కన సన్నని గొట్టముండును. దాని బిరడా తీసి నీటిని వదలవచ్చును. అక్కగారి యంత్రమునకు అది లేదు. వెడల్పాటి పళ్లెము పెట్టి, ఫిల్టరు మూతను కొద్దికొద్దిగ వదులుచేసి, పళ్లెము నిండగనే బిగించి, బకెట్టులో పారబోసి, మరల వదులుచేసి, ఇట్లు అరగంట శ్రమపడితిమి. తొందరపడి ఒక్కసారిగ మూత తీసినచో గది చెరువగును. నీరు దిగిన పిమ్మట తలుపు తానే వదలినది. ఆ తలుపు నీరున్నంత సేపు తెరువబడకుండుట దోషము కాదు, రక్షణ.

ఫిల్టరులో దొరికిన సంపద: ఒక రూపాయి నాణెము, రెండు పిన్నీసులు, చొక్కా గుండీ, పీచువలె అల్లుకొన్న తలవెండ్రుకలు, బియ్యపు గింజలు. దాని వెనుక నున్న గూటిలో వ్రేలు పెట్టి రెక్కల చక్రమును త్రిప్పి చూచితిని. దారపు పోగొకటి దాని ఇరుసునకు గట్టిగ చుట్టుకొని యున్నది. దానిని తీయగనే చక్రము కదలినది. ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. ఈ చక్రము నునుపుగ గిరగిర తిరుగదు; అయస్కాంతపు పట్టు వలన ఆగి ఆగి తిరుగును. మరియు కొంతమేరకు కడ్డీతో సంబంధము లేకుండ వదులుగ ఆడును. మోటారు మొదట బరువు లేకుండ కదలి, పిదప రెక్కల నందుకొనుటకై చేసిన ఏర్పాటిది. దీనిని విరిగిన చక్రమని భ్రమించి మంచి పంపులను పారవేసిన వారు కలరు.

ఆ రాత్రి యంత్రము నీరు వదలినది, యూనిఫారము ఆరినది. ఫిల్టరును నెలకొకసారి శుభ్రపరచుమని అక్కకు చెప్పి వచ్చితిని. అక్క తలయూపినది.

ఆరు నెలల తరువాత మరల ఫోను. ఈసారి ఫిల్టరు శుభ్రముగ నున్నది, గొట్టమునకు మడత లేదు. నీటిని వదలు ఘట్టమునకు యంత్రమును త్రిప్పి చెవి యొగ్గి వింటిని. ఈ వినికిడి పరీక్ష తేలికైనది, అయినను చాల చెప్పును. గుయ్యని మ్రోగి నీరు పోకున్నచో చక్రము ఇరుకున్నది, లేదా గొట్టము పూడినది. గరగర శబ్దము వచ్చినచో రాయియో గుండీయో లోపల నున్నది, లేదా ఇరుసు అరిగినది. ఏ శబ్దమును లేకున్నచో తీగచుట్ట తెగినది, లేదా పంపునకు విద్యుత్తు చేరుట లేదు. అక్కగారి యంత్రము మౌనము వహించినది.

ప్లగ్గు ఊడదీసి, వెనుక పలక విప్పి, పంపు తీగలను వేరుచేసి, రెండు కాడల మధ్య మల్టీమీటరు పెట్టితిమి. ఇట్టి పంపులలో చాల వానికి 100 నుండి 200 ఓముల మధ్య నిరోధము కనబడవలెను. మాకు ఏమియు కనబడలేదు. తీగ లోపల తెగినదన్నమాట. ఇప్పుడు మాత్రము పంపు మార్చవలసినదే. నిరోధము సరిగ నున్నను పంపు తిరుగకున్నచో తీగల వెంట చూడుడు. యంత్రము క్రింద కాపురముండు ఎలుకలు తీగలు కొరుకుట సర్వసామాన్యము. కొన్ని కొత్త ఇన్వర్టరు యంత్రములలో మూడు తీగల పంపులుండును. వానికి ఈ కొలత వర్తింపదు.

పంపు కొనుటకు పోవునప్పుడు పాతదానిని వెంట తీసికొనిపోవుట ఉత్తమము. యంత్రము తలుపు అంచున నున్న మోడలు నంబరును ఫోనులో ఫోటో తీసికొనుడు. 220–240 వోల్టులు, 50 హెర్ట్జులు, స్క్రూలు ఎన్ని, తీగల కాడలు ఏ ప్రక్క, ఇవి కలియవలెను. కొన్ని పంపులు మూడు స్క్రూలతో బిగియును, కొన్ని గూటిలో పెట్టి కొంచెము త్రిప్పిన పట్టుకొనును. వెలుపల ఒకే తీరుగ కనబడి లోపల రెక్కల పొడవు తేడాగా నున్నవియు కలవు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టలులో పాల్గొన్న సంస్థల మరమ్మతు వివరములు చూడవచ్చును. శ్రీసిటీలోనే 2025 మే నెలలో యల్.జి. సంస్థ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. బట్టల యంత్రములు కూడ అచ్చట చేయవలెనని వారి సంకల్పము. యంత్రములు ఊరి ప్రక్కన తయారైనను విడిభాగము ఊరిలో దొరకునో లేదో అది వేరు ప్రశ్న. మాకు మూడు దినములు పట్టినది. అంతవరకు అక్క చేతితోనే ఉతికినది. ఆ మూడు దినములు మేనల్లుడు తన జేబులు తానే వెదకుకొన్నాడట!

మార్చు పని అరగంటది. తీగలు పీకకముందు ఒక ఫోటో తీసితిమి. యంత్రమును ఇద్దరము పట్టి వెనుకకు వాల్చి, గోడకు ఆనించి, క్రింద ఇటుక పెట్టితిమి. ఒంటరిగ ఈ సాహసము కూడదు, అరువది కిలోలకు మించిన బరువది. ఫిల్టరు గూటిలో మిగిలిన నీటికి పాత తువాలు పరచితిమి. తీగల కాడలను తీగ పట్టి గాక కొన పట్టి లాగవలెను. స్క్రూలు విప్పగనే పంపు చేతికి వచ్చినది. గూటి అంచున రబ్బరు వాషరుండును. అది గట్టిపడి చిట్లినచో కొత్తది వేయవలెను. ఆ అంచును గుడ్డతో తుడిచి, కొత్త పంపును పెట్టి, మూడు స్క్రూలను కొంచెము కొంచెముగ వంతులవారీగ బిగించితిమి. ఒకదానినే పూర్తిగ బిగించిన ప్లాస్టిక్ గూడు పగులును, లేదా ఒక ప్రక్క నీరు కారును.

వెంటనే బట్టలు వేయవలదు. డ్రమ్ములో రెండు చెంబుల నీరు పోసి, తలుపు మూసి, ముందు ఐదు నిమిషములు అడుగున తడి కనబడునేమో చూచితిమి. తడి లేదు. వెనుక పలక బిగించిన తరువాతనే ప్లగ్గు పెట్టి నీరు వదలు ఘట్టము త్రిప్పగ పంపు పలికినది. నీరు పారు గొట్టపు కొనను నేల నుండి 60 మొదలు 100 సెంటీమీటర్ల ఎత్తున ఉంచుడని సాధారణముగ చెప్పుదురు. బాగుగ క్రిందికి దించిన, యంత్రము నీరు నింపుకొనుచుండగనే అది తానుగ వెలుపలికి పోవును. యంత్రము నింపుచునే యుండును, ఉతుకుట సాగదు. అక్కగారి గొట్టమును తీగతో సరియైన ఎత్తున కట్టితిని.

చెడిన పంపును అక్క చెత్తబుట్టలో వేయబోయినది. దానిలో రాగి, అయస్కాంతము ఉన్నవి గనుక విద్యుత్ వస్తువుల వ్యర్థములను సేకరించువారికి ఇమ్మంటిని. “ముందు నేను విప్పి చూస్తా మామా” అని మేనల్లుడు దానిని తీసికొని అరుగుమీద కూర్చున్నాడు.