దుబాయి రేడియోలో హైదరాబాదు గరగర!
సెట్టు చెడిపోలేదు.. లెక్క వేరు

జగిత్యాల: దుబాయి నుంచి కొడుకు వస్తున్నాడంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఇంటిల్లిపాది చూపూ పెట్టె మీదే. 1970ల చివరి నుంచి ఆ పెట్టెల్లో సబ్బులు, అత్తరు సీసాలతోపాటు టేపురికార్డరు కలిసిన రేడియోలూ దిగడం మొదలైంది. బీడీలు చుట్టే ఇళ్లలో పొద్దంతా పాటలే. సిరిసిల్లలో సాంచెల చప్పుడు ఆగితే వార్తలు.

అయితే ఆ సెట్లలో ఎఫ్‌ఎం పట్టీ ఉన్నా ముల్లు ఎటు తిప్పినా ‘గుస్స్‌’ అనే చప్పుడే వచ్చేది. దుకాణదారు మోసగించాడని తిట్టుకున్నవారూ ఉన్నారు. తప్పు సెట్టుది కాదు. మన దేశంలో మొదటి ఎఫ్‌ఎం ప్రసారం 1977 జులై 23న మద్రాసులో మొదలైంది. ఎఫ్‌ఎం తరంగం చూపు ఆనే దూరానికి మించి పెద్దగా పోదు. మీడియం వేవ్‌ అలా కాదు. రాత్రయితే వందల కిలోమీటర్లు వస్తుంది.

అంకెలు కనిపించే డిజిటల్‌ సెట్లు వచ్చాక మరో చిక్కు వచ్చి పడింది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రానికి కేటాయించిన అంకె 738 కిలోహెర్ట్జ్‌. కొన్ని సెట్లలో బటన్‌ నొక్కితే 730 తర్వాత 740 వస్తుంది. నడుమ ఆగదు. 740 దగ్గర పెడితే మాట గీరుకుపోతుంది. విజయవాడ 837దీ ఇదే గతి. రాత్రిపూట ఎప్పుడైనా కడప దొరికితే అది మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది. కారణం, కడప అంకె 900. దూరాన ఉన్న కడప పలికి, దగ్గరి హైదరాబాదు పలకకపోవడం వింతగా తోచినా లెక్క అదే.

పొలానికీ పొలానికీ నడుమ ఒడ్డు ఉన్నట్టే స్టేషన్ల నడుమ ఎడం ఉండాలి. లేకుంటే ఒకదాని మాట మరొకదానిలో కలుస్తుంది. ఈ పంపకానికి ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విభజించారు. ఐరోపా, ఆఫ్రికా, అరబ్బు దేశాలు మొదటిది. అమెరికా ఖండాలు రెండవది. ఇరాన్‌ నుంచి తూర్పున మన దేశం, జపాన్‌, ఆస్ట్రేలియా మూడవది. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం 1978 నవంబరు 23 నుంచి అమలైంది. దాని ప్రకారం మొదటి, మూడవ ప్రాంతాల్లో ఎడం 9 కిలోహెర్ట్జ్‌. అమెరికాలో 10. గల్ఫ్‌ లెక్కా మన లెక్కా ఒకటే అయినా, అక్కడి బజారులో అన్ని దేశాల సరుకూ దొరుకుతుంది. అమెరికా లెక్కకు పెట్టిన సెట్టు కొంటేనే ఈ తిప్పలు.

ఎఫ్‌ఎంలోనూ తేడాలున్నాయి. మనకు 108 మెగాహెర్ట్జ్‌ వరకు ఉండగా, జపాన్‌లో ఏళ్ల తరబడి 76 నుంచి 90 వరకే. ఆ దేశంలో వాడకానికి చేసిన పాత సెట్టులో 90కి పైనున్న మన స్టేషన్లు పట్టవు. దీనికి మాత్రం సులువైన మందు లేదు.

మీడియం వేవ్‌ చిక్కు చాలా సెట్లలో నిమిషంలో తీరుతుంది. వెనకవైపునో, బ్యాటరీల మూత కిందనో ‘9-10’ అని చిన్న మీట ఉంటుంది. దాన్ని 9కి జరపాలి. మీట లేకుంటే సెట్టుతో వచ్చిన కాగితంలో ఏ బటన్‌ నొక్కాలో రాసి ఉంటుంది. మార్చాక, దాచుకున్న స్టేషన్లు చెరిగిపోవచ్చు. మళ్లీ పెట్టుకోవాలి. కొనేటప్పుడే 738 వస్తుందా అని బటన్‌ నొక్కి చూసుకుంటే మరీ మంచిది.

ఎండలో కూలి చేసి కొన్న సెట్టును మూలన పడేసేముందు, మరమ్మతుకు డబ్బు పోసేముందు, ఒక్కసారి వెనక్కి తిప్పి చూడాలి.