పదిమంది సరకు - ఒక్క బండి

మన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతములలో ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పైరులు. చిన్న రైతునకు పండిన కాయ యొక లారీకి చాలదు. కావున నలుగురైదుగురు కలిసి యొక లారీని బాడుగకు మాటలాడుకొని గుంటూరు మిరప యార్డునకు పంపుచుందురు. బాడుగ కలిసివచ్చును, త్రోవలో తోడుండును. పద్ధతి మంచిదే. కాని బండి యొకటైనను సొత్తు పలువురిది. దిగుమతియైన పిమ్మట ఏది యెవరిదో నిశ్చయముగా తెలియనిచో సంవత్సరపు కష్టము సంశయము పాలగును. ఆ సంశయమును తీర్పుడని తుదకు మీవంటి పెద్దలయొద్దకే వత్తురు. అందుచేత కలిసి పంపు సరకును వేరుపరచి గుర్తుపెట్టు విధమును గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేయుదును.

న్యాయశాస్త్రమున విచారము ఉద్దేశము, లక్షణము, పరీక్ష యని మూడు మెట్లుగా సాగును. వస్తువును పేరుతో నిర్దేశించుట ఉద్దేశము. దానిని తక్కినవానినుండి వేరుచేయు ధర్మమును చెప్పుట లక్షణము. ఆ లక్షణము సరిపడినదా యని చూచుట పరీక్ష. సరకు విషయమునను ఇంతే. బస్తాపై రైతు పేరు వ్రాయుట మొదటిది. రకమును, తరగతిని, తూకమును తెలుపుట రెండవది. దిగునప్పుడు పట్టీతో సరిచూచుట మూడవది. ఈ మూటిలో నొకటి లోపించినను తక్కిన రెండును నిలువవు.

పూర్వులీ సంగతి నెరుగనివారు కారు. తాటియాకు పుస్తకమున ఆకుల రంధ్రములగుండ త్రాడు పోనిచ్చి కట్టుదురు. ఆకు అంచున సంఖ్య వేయుదురు. త్రాడు కలిపి యుంచును. సంఖ్య క్రమమును కాపాడును. త్రాడు తెగినను సంఖ్య యున్నచో గ్రంథము మరల కుదురును. సంఖ్య లేనిచో ఎంతటి పండితుడైనను రోజుల తరబడి వెదకికొనవలసినదే.

కృష్ణ కావలి యొడ్డున అమరావతి స్తూపమునకు పట్టిన గతియు దీనికి నిదర్శనమే. 1845లో వాల్టరు ఎలియటు దొర అచ్చట త్రవ్వించి సున్నపురాతి శిల్పములను మదరాసునకు పంపించెను. 1859లో వానిలో పెక్కు ఓడపై లండను చేరినవి. రాళ్లు భద్రముగానే చేరినవి; కాని యే రాయి స్తూపమున ఏ తావున నుండెనో తెలుపు వివరము చాలవానికి తోడుగా పోలేదు. అంతకు పూర్వము 1816లో కర్నలు మెకంజీ వ్రాయింప మొదలిడిన చిత్రపటములే పిమ్మటి పరిశోధకులకు దిక్కైనవి. వస్తువు దక్కినను దాని స్థానము దక్కకున్న సగము దక్కనట్లే.

ఇక ప్రత్తి సంగతి. అమెరికాలోని మొబైలు రేవునుండి ఇంగ్లండులోని లివర్పూలునకు పలువురు వర్తకుల ప్రత్తి బేళ్లతో నొక యోడ బయలుదేరెను. ఎవరి బేళ్లకు వారి గుర్తులున్నవి. ఫ్లారిడా తీరమున ఓడ పగిలెను. ఉప్పునీట నానిన బేళ్లపై గుర్తులు చాలవరకు చెరిగిపోయెను. వ్యాజ్యము ఇంగ్లండు న్యాయస్థానమునకు వచ్చెను. 1868లో న్యాయాధిపతులిట్లు తీర్చిరి: గుర్తు నిలిచిన బేళ్లు వాని స్వామికే చెందును, ఎవరి తప్పును లేకయే గుర్తు చెరిగినవానికి అందరును ఉమ్మడి స్వాములు, ఎవరు పంపిన దానినిబట్టి వారికి భాగము, నష్టమును అట్లే.

ఈ తీర్పు పెద్దలు మనసున నుంచుకొనదగినది. కాని దీనినొక మెలకువతో వాడవలెను. సరకంతయు నించుమించుగా నొకే జాతిదైనప్పుడే బస్తాల లెక్కను పంచుట న్యాయము. ఒకని తేజయు, మరియొకని తాలుకాయయు కలిసినచో లెక్కప్రకారము పంచుట మంచికాయ పండించినవానికి అన్యాయము. అప్పుడు ముందుగా రకమును బట్టి కుప్పలు వేరుచేసి, ఆ రకమును పంపినవారికే దానిని పంచవలెను. బయలుదేరుటకు ముందు వ్రాసిన పట్టీ లేనిదే ఈ పంపకము సాధ్యము కాదు.

మన దేశమున 1925లో ప్రత్తి జిన్నింగు, ప్రెస్సింగు కర్మాగారముల శాసనము చేయబడినది. ప్రతి బేలునకును క్రమసంఖ్యయు, ఆ కర్మాగారమునకు నిర్ణయించిన ముద్రయు నుండవలెనని అది విధించెను. బేలు విప్పినప్పుడు కల్తీ కనబడినచో ఎచ్చట కట్టినదో ఆ ముద్రయే చెప్పును. గుర్తు సొత్తును కాపాడుటయే కాక బాధ్యతను గూడ నిలుపునని దీనివలన గ్రహింపవలెను.

ఇక మనము చేయదగినవి. రకములను కళ్లములోనే వేరుచేయవలెను. తేజ, 334, 341 మొదలగువానిని కలుపరాదు, తాలును ఏరివేయవలెను. కొనువాడు బస్తా విప్పి మంచికాయలో తాలును చూచెనేని ఆ తాలును బట్టియే ధర కట్టును.

పాత గోనెలను వాడునప్పుడు వానిపై నున్న వెనుకటి గుర్తులను మొదట కొట్టివేయవలెను. రెండు గుర్తులున్న బస్తా గుర్తు లేనిదానికన్న ప్రమాదకరము. మన యూళ్లలో ఒకే పేరు గలవారు పలువురుందురు. పొడి యక్షరములు చాలవు. ఇంటిపేరుతో గూడ పూర్తిగా వ్రాసి, తడికి చెరగని రంగు వాడవలెను. అదే వివరము గల చీటీ నొకదానిని బస్తా లోపలను వేయవలెను. పై గుర్తు పోయినను లోపలిది పలుకును.

పదునెనిమిది బస్తాలున్నచో 1/18, 2/18 అని వరుసగా సంఖ్య వేయవలెను. ఒకటి తగ్గినచో తగ్గినదని మాత్రమే కాక ఏది తగ్గినదో గూడ తెలియును. హమాలీలలో చదువురానివారుందురు గనుక ఒక్కొక్క రైతు బస్తాలకు ఒక్కొక్క రంగు దారముతో మూతి కుట్టించుట మేలు. కడపట దిగవలసినది మొదట ఎక్కవలెను. ఒకరి సరకునకును మరియొకరి సరకునకును నడుమ అడ్డముగా త్రాడో పట్టయో వేయవలెను.

పట్టీ మూడు ప్రతులుగా వ్రాయవలెను: రైతులకొకటి, లారీవానికొకటి, కమీషను వ్యాపారికొకటి. సరకు చేతులు మారిన ప్రతిచోటను లెక్కించి అప్పుడే సంతకము తీసికొనవలెను. త్రోవలో బస్తా చినిగి కాయ రాలినచో దానిని మరియొకరి బస్తాలో నింపక వేరు సంచిలో నుంచి, ఎచ్చట రాలినదో చీటీ వ్రాయవలెను.

గుర్తులు చెరిగినచో ఎట్లు పంచుకొనవలెనో బయలుదేరకముందే అనుకొని పట్టీ క్రింద వ్రాసికొనుట అన్నిటికన్న ముఖ్యము. నష్టము రాకమునుపు అందరును ధర్మము చెప్పగలరు. వచ్చిన పిమ్మట ఎవరి ధర్మము వారిదగును.

పెద్దలారా! తగవు మీ యరుగు మీదికి వచ్చినప్పుడు ఎవరు గట్టిగా ప్రమాణము చేసిరని చూడకుడు. పట్టీని తెప్పించి సంఖ్యలను సరిచూడుడు. పట్టీయే లేదన్నచో, రాబోవు పంటకైనను పట్టీ లేక బండి కదలరాదని కట్టడి చేయుడు. సిరాబుడ్డి ఖర్చు స్వల్పము. ఇరుగుపొరుగుల మైత్రి వెలలేనిది.